మంగళవారం క్రిస్మస్

ఆ ఏడాది సముద్రపు ఒడ్డునున్న మోర్కమ్‌లో క్రిస్మస్ నవంబరు నెలలో, ఒక మంగళవారం నాడు వచ్చింది.

ముందురోజు సాయంత్రం కీత్లీ నుంచి బయలుదేరిన బస్సు సాండ్‌మియర్ హోటల్ ముందు ఆగేసరికి, యజమానురాలు మాక్సీన్ నెత్తిన గుడ్డతో కుట్టిన దుప్పి కొమ్ములు తగిలించుకుని గుమ్మంలో నిలబడి ఉంది. బస్సు దిగిన ముసలివాళ్ళ కోట్ల మీద, యుద్ధాల్లో పోయినవాళ్ళ జ్ఞాపకంగా పెట్టుకున్న ఎర్ర కాగితం పువ్వులు ఇంకా అలాగే ఉన్నాయి. మాక్సీన్ ఆ పువ్వు పక్కనే ఒక్కొక్కరికీ ఒక వెండి జరీ తోరణం ముక్క గుచ్చి లోపలికి పంపుతోంది.

"హ్యాపీ క్రిస్మస్ ఈవ్ తల్లీ! రండి రండి, షెర్రీ వైను చల్లారిపోతోంది."

"అది చల్లగానే తాగుతారమ్మా," అంది వెనకనుంచి ఒక పెద్దావిడ. "నీళ్ళు కలపకుండా ఉంటే చాలు."

సోమవారం పండుగ ముందురోజు, మంగళవారం పండుగ, బుధవారం పండుగ మర్నాడు, గురువారం పాత సంవత్సరానికి వీడ్కోలు, శుక్రవారం ఉదయం అల్పాహారం తిని ఎవరిళ్ళకు వాళ్ళు. చలికాలంలో గదులు ఖాళీగా పడి ఉండకుండా సముద్రతీరపు హోటళ్ళు కనిపెట్టిన ఉపాయం ఇది. అసలు పండుగనాడు కొడుకు ఇంట్లో మూల కుర్చీలో కూర్చోవలసినవాళ్ళూ, ఏ ఇంటినుంచీ పిలుపు రానివాళ్ళూ తమ వాటా టర్కీ కోడిమాంసం ఇక్కడ ముందుగానే తినేసి వెళతారు. ఇందులో ఎవరికీ మోసం లేదు. అందరికీ తెలిసే జరుగుతుంది.

విల్ఫ్‌కు తప్ప.

"ఇవాళ క్రిస్మస్ ముందురోజా, డోరీ?" అని అతను భార్యను అడిగాడు, కోటు మీది తోరణాన్ని వేలితో తడుముతూ.

"అవును విల్ఫ్," అంది డోరీన్.

ఆ ఒక్క మాటతో ఆమె చేయదలచిన పని మరింత కష్టమైంది. శుక్రవారం లోపల ఆమె అతనికి ఒక సంగతి చెప్పాలి. ఆ సంగతి చెప్పడానికే ఇంత దూరం తీసుకువచ్చింది.

డోరీన్ పదిహేనో ఏట ఉన్ని మిల్లులో చేరింది. మగ్గం మీదినుంచి దిగిన బట్టను వెలుతురు బాగా పడే కిటికీ దగ్గర వాలుబల్ల మీద పరుచుకుని, అరచేత్తో నిమురుతూ, తెగిన పోగు ఎక్కడుందో చూసి, సూదితో పడుగులోనో పేకలోనో మళ్ళీ ఎక్కించడం ఆమె పని. బాగా చేసిన పని కనబడకూడదు. అతుకు తెలిస్తే బట్ట వెనక్కి వస్తుంది. ఆ మిల్లులోనే మగ్గాలు సరిచేసే విల్ఫ్ ఆమెను పెళ్ళాడాడు. "నా మగ్గాలు చేసిన పాపాలన్నీ నువ్వు కడుగుతున్నావు, నిన్ను ఇంటికే తీసుకుపోతే పోలా" అన్నాడట పెళ్ళి ప్రస్తావన తెస్తూ. ఏటా వేసవిలో మిల్లు మూసే వారం ఊరు ఊరంతా మోర్కమ్‌కు వచ్చేది. ఇంటి పక్కవాళ్ళే ఇక్కడా పక్క కుర్చీల్లో కనబడేవాళ్ళు.

విల్ఫ్ మిల్లు బాండులో వాయించేవాడు. యుఫోనియం అనే పెద్ద ఇత్తడి బూర అతనిది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒడిలో పెట్టుకుని ఊదేవాడు. కీత్లీ వీధుల్లో క్రిస్మస్ తెల్లవారుజామున బాండు వాళ్ళు ఇంటింటి ముందూ ఆగి పండుగ పాటలు వాయించడం ఆనవాయితీ. అందువల్ల పెళ్ళయిన నాటినుంచీ, బాండు ఉన్నన్నాళ్ళూ, డోరీన్ ఏ క్రిస్మస్ ఉదయమూ భర్త మొహం చూడలేదు. ఆమె నిద్రలేచేసరికి పక్క చల్లబడి ఉండేది. ఎక్కడో పై వీధిలోంచి లోతైన ఆ ఇత్తడి గొంతు వినబడేది. దాన్ని మిగతా వాటిలోంచి విడదీసి పోల్చుకుని, ఆమె లేచి పొయ్యి వెలిగించేది. మధ్యాహ్నానికి అతను పెదవులు వాచి, ప్రతి ఇంటివాళ్ళూ పోసిన చుక్కతో బుగ్గలు ఎర్రబడి వచ్చేవాడు.

మూడేళ్ళ కిందట విల్ఫ్ మాటల్లో పోగులు తెగడం మొదలైంది. డోరీన్ తనకు తెలిసిన పనే చేసింది. అతను వాక్యం మధ్యలో ఆగితే తను పూర్తిచేసింది. ఎవరైనా అతన్ని ప్రశ్న అడిగితే తను జవాబిచ్చింది. గ్యాసు ఆర్పకుండా వదిలేస్తే తనే మరిచిపోయానంది. ఇంట్లో తొడుక్కునే మెత్తని చెప్పులతోనే పెద్ద రోడ్డు మీదికి నడిచిపోతే వెంటపడి చెయ్యి పట్టుకుని, షికారుకు వచ్చామని ఎదురైనవాళ్ళకు చెప్పింది. ఎంత నేర్పుగా అతికిందంటే, వారం వారం వచ్చి పోయే కూతురు గిలియన్‌కే చాలాకాలం ఏమీ తెలియలేదు. చివరికి విల్ఫ్ వంటగదిలో పడిపోయాడు. డోరీన్ అతన్ని లేపలేకపోయింది. అతని తల కింద మెత్త పెట్టి, తనూ పక్కనే నేల మీద కూర్చుని, పోస్టు మనిషి తలుపు తట్టేదాకా అతనితో కబుర్లు చెబుతూ ఉండిపోయింది.

ఆ తరువాత ఇంట్లో ఒక సమావేశం జరిగింది. డాక్టరు, సంక్షేమ శాఖ నుంచి ఒక అమ్మాయి, గిలియన్, డోరీన్. విల్ఫ్‌ను ముందుగదిలో బిస్కట్ల పళ్ళెంతో కూర్చోబెట్టారు. అతను కదలకుండా కూర్చునే ఉన్నాడు. గోడకవతల అతను ఎక్కడ బతకాలో, ఎవరి చేత స్నానం చేయించుకోవాలో, ఏ కిటికీలోంచి బయటికి చూడాలో నిర్ణయమైపోయింది. "ఆయన మేలు కోసం" అనే మాట ఆ గంటలో అందరి నోటా వినబడింది. ఒక మనిషి మేలును అతన్ని పక్కగదిలో ఉంచి తేల్చగలిగితే, ఇక ఆ మేలులో అతని వాటా ఏమిటి? అడగవలసిన ఒక్కరిని తప్ప అందరినీ అడిగారు. అందరూ మంచివాళ్ళే. మంచివాళ్ళు కావడం వల్లనే కాబోలు, ఎవరికీ సందేహం రాలేదు.

"ఆయనకు ఎవరు చెబుతారు?" అన్నప్పుడు మాత్రం అందరూ తమ కాగితాలు సర్దుకోసాగారు.

"నేను చెప్తాను," అంది డోరీన్. "మోర్కమ్ తీసుకెళ్ళి చెప్తాను. డిసెంబరుకి ఎలాగూ ఇంట్లో ఉండడు కాబట్టి, పండగ కూడా చేసుకుని వస్తాం."

గిలియన్ ఊపిరి పీల్చుకుంది. శుక్రవారం బస్సు తిరిగి కీత్లీ చేరగానే, సర్దిన పెట్టెతో కారు తీసుకుని వస్తానంది.

సోమవారం రాత్రి భోజనాల బల్ల దగ్గర వాళ్ళ పక్కన కూర్చున్నావిడ పేరు రీటా. షెర్రీ గురించి మాట విసిరిన మనిషే. హాలిఫాక్స్‌లో చేపల వేపుళ్ళ దుకాణం నడిపి మానేసింది. భర్త పోయాక ఏటా ఇక్కడికే వస్తోంది.

"మా ఆయన పోయినప్పటినుంచి ఏడాదికి రెండు క్రిస్మస్‌లు చేసుకుంటున్నా. వయసు మాత్రం ఒక్కటే పెరుగుతోంది, దేవుడి దయ," అని, విల్ఫ్ వైపు తిరిగింది. "మీరేం పని చేసేవారండీ?"

"మగ్గాలు సరిచేసేవాడు. బాండులో కూడా ఉండేవాడు," అంది డోరీన్.

"ఓహో. సూప్ నచ్చిందా అండీ?"

"కాస్త ఉప్పు తక్కువైందట," అంది డోరీన్.

రీటా చెంచా కింద పెట్టింది. "ఏమమ్మా, నేనడిగింది ఆయన్ని. నువ్వు బొమ్మలాట వాడిలా పక్కనుంచి గొంతు అందిస్తున్నావు. ఆయనకి నోరుందా, ఇంట్లో వదిలేసి వచ్చారా?"

డోరీన్ మొహం మాడిపోయింది. విల్ఫ్ మాత్రం తల ఎత్తి రీటాను పరీక్షగా చూశాడు. మాట కోసం వెతుక్కున్నాడు. డోరీన్ పెదవులు అప్పటికే కదిలాయి. రీటా కళ్ళతోనే ఆమెను ఆపింది.

"నోరుంది," అన్నాడు విల్ఫ్ చివరికి. "పళ్ళే ఇంట్లో ఉన్నాయి."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ పగలబడి నవ్వారు. డోరీన్ కూడా నవ్వింది కానీ, సూప్ మీదికి తల వంచుకుని ఒక లెక్క వేసుకుంది. తను తొందరపడి పూర్తిచేసిన వాక్యాల్లో, నిజంగా అతనివి ఎన్ని పోయి ఉంటాయి?

మంగళవారం ఇంకా తెలవారకముందే ఆమెకు మెలకువ వచ్చింది. పక్కన చెయ్యి వేసింది. పక్క చల్లగా ఉంది.

ఒక్క క్షణం ఆమెకు అది మామూలుగానే తోచింది. క్రిస్మస్ ఉదయం పక్క చల్లగా ఉండడమే కదా ఆమె ఎరిగిన క్రిస్మస్! పై వీధిలోంచి బాండు వినబడుతుందేమోనని చెవి కూడా ఒగ్గింది. అప్పుడు సముద్రం మీది గాలి వినబడింది.

రాత్రి గౌను మీదనే కోటు వేసుకుని, బూట్ల తాళ్ళయినా కట్టకుండా ఆమె మెట్లు దిగింది. వీధి తలుపు గడియ తీసి ఉంది. గట్టు రోడ్డు మీద గాలి మొహాన్ని కోస్తోంది. మోర్కమ్‌లో ఆటు వచ్చినప్పుడు నీళ్ళు మైళ్ళ దూరం వెనక్కిపోయి బురద మాత్రమే మిగులుతుంది. పోటు వచ్చేటప్పుడు చప్పుడు చెయ్యకుండా, మనిషి నడకకన్నా వేగంగా వస్తుంది. ఆ చీకట్లో అది వస్తోందో పోతోందో ఆమెకు తెలియలేదు. రెయిలింగు పట్టుకుని బురద మీదికి వంగి, "విల్ఫ్!" అని అరిచింది. గిలియన్ ముందు, డాక్టరు ముందు నిలబడవలసిన ఘడియ ఆమె కళ్ళముందు కదిలింది.

అతను సముద్రం వైపు లేనే లేడు. కాస్త దూరంలో దీపస్తంభం కింద, నీళ్ళకు వీపు పెట్టి, వరసగా ఉన్న హోటళ్ళకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. టోపీ నిటారుగా పెట్టుకున్నాడు. ఎడమచెయ్యి దేన్నో పొదివి పట్టుకున్నట్టు గుండెకు ఆనించాడు. బుగ్గలు నిండుతున్నాయి, ఖాళీ అవుతున్నాయి. కుడిచేతి మూడు వేళ్ళు గాలిలో బూర మెట్లు నొక్కుతున్నాయి. మూసిన కిటికీల వెనక నిద్రపోతున్న ముసలివాళ్ళకు అతను క్రిస్మస్ పాట వాయిస్తున్నాడు.

డోరీన్ అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్ళలో అతను ఈ పని చేస్తుండగా ఆమె చూడడం ఇదే మొదటిసారి.

పాట అయిపోయింది కాబోలు, అతను చేతులు దించి ఆమెను చూశాడు. "వాళ్ళేరీ, డోరీ? హెర్బర్ట్ ఎప్పుడూ నాకంటే ముందే ఉంటాడు."

హెర్బర్ట్ బాండు పెద్ద. అతన్ని మట్టిచేసిన రోజు కూడా బాండు వాళ్ళే వాయించారు.

'మంచు కదా, వస్తార్లే' అన్న మాట డోరీన్ నాలుక చివరికి వచ్చింది. మూడేళ్ళుగా చేతికి అలవాటైన కుట్టు అది. ఒక్కసారి సూది దింపితే చిరుగు కనబడదు. అతను నమ్ముతాడు, హోటల్‌కు నడిచి వస్తాడు, టర్కీ తింటాడు.

"ఎవరూ రారు విల్ఫ్," అంది.

"క్రిస్మస్ కదా?"

"కాదు. నవంబరు నెల. ఇది హోటల్ వాళ్ళ క్రిస్మస్. ఉత్తుత్తిది."

అతను హోటల్ గుమ్మం వైపు చూశాడు. "అందుకేనా ఆవిడకి కొమ్ములు?"

"అందుకే."

"నేను పుట్టుకతోనే అంతేమో, అడిగితే బాగుండదని ఊరుకున్నా."

డోరీన్ నవ్వింది. నవ్వు సగంలోనే వేరేదిగా మారింది. అతని చెయ్యి పట్టుకుని, గాలి తగలకుండా గాజుపలకలు బిగించిన గట్టు మీది మండపంలోకి తీసుకువెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టింది. తన కోటు సగం అతని మోకాళ్ళ మీద కప్పింది.

"మరి పండగ ఇంత ముందెందుకు తెచ్చావ్?"

ఆమె ఎంచుకున్న సమయం ఇది కాదు. భోజనం అయ్యాక, కడుపు నిండి ఉన్నప్పుడు, ఎండ కాస్తే ఎండలో చెబుదామనుకుంది. కానీ అడిగింది అతను.

"అసలు పండక్కి నువ్వు ఇంట్లో ఉండవు కాబట్టి."

"ఎక్కడుంటాను?"

"హోమ్‌లో. ముసలివాళ్ళని చూసుకునే చోట. శుక్రవారం నుంచి. గిలియన్ కారు తెస్తుంది."

అతను ఏమీ అనలేదు. అనకపోతే ఆమె అనాలి. అది వాళ్ళ కాపురంలో ఇటీవలి పద్ధతి. ఆమె రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని ఊరుకుంది.

"నేనేం తప్పు చేశానే?"

"ఏం చెయ్యలేదు. నువ్వు పడితే నేను లేపలేను. అంతే విల్ఫ్. వేరే ఏం లేదు."

"నన్నెవరూ అడగలేదు."

"అడగలేదు," అంది డోరీన్. "నేనూ అడగలేదు."

హోటళ్ళ వెనకనుంచి వెలుగు వచ్చి, ముందుగా అఖాతం అవతలి కొండల మీది మంచును తాకింది. బురద మీద నీళ్ళు సన్నని పొరలా పాకుతున్నాయి. పోటే వస్తోంది.

"ఇప్పుడు అడుగుతున్నా," అంది. "వెళ్తావా?"

అతను ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. ఎన్నో నెలలుగా ఆ కళ్ళలో కనబడని మనిషి కనబడ్డాడు.

"వెళ్ళను డోరీ. నాకు మనింట్లోనే ఉండాలని ఉంది. నీ దగ్గర."

ఆ మాటలో ఎక్కడా పోగు తెగలేదు. ఆమె చెయ్యి పెట్టవలసిన చోటు ఒక్కటీ లేదు. అడిగినందుకు ఆమెకు దక్కింది అదే: ఒక స్పష్టమైన జవాబు, దాన్ని మన్నించలేని ఒంట్లోని అశక్తత. ఆమె అతని భుజం మీద తల ఆనించి ఏడ్చింది. అతను ఆమె వీపు నిమిరాడు. కాసేపటికి అదే గొంతుతో, "ఎందుకేడుస్తున్నావ్? ఎవరేమన్నారు?" అని అడిగాడు.

అల్పాహారం దగ్గర మాక్సీన్ ఎర్రకోటు తొడుక్కుని, "హ్యాపీ క్రిస్మస్!" అంటూ బల్ల బల్లకూ తిరిగింది. "మీకూనమ్మా! పిల్లాపాపలతో చల్లగా ఉండండి," అన్నాడు విల్ఫ్ మనస్ఫూర్తిగా. మధ్యాహ్నం కాగితపు కిరీటం పెట్టుకుని టర్కీ రెండుసార్లు అడిగి వడ్డించుకున్నాడు. తెల్లవారుజాము అతనిలోంచి పూర్తిగా తుడుచుకుపోయింది. అతని జవాబు ఇప్పుడు లోకంలో ఒక్కరి దగ్గరే ఉంది.

బుధవారం హాల్లో అందరూ అంకెల ఆట ఆడుతుండగా డోరీన్ ఆ మాట రీటాకు చెప్పింది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరి ఆడేట్టు లేదు.

రీటా తన అట్ట ముక్కను పక్కన పెట్టేసింది. "చెప్పావు కదమ్మా. నీ బాధ్యత తీరింది. మర్చిపోయాడంటే ఆయన అదృష్టం. ఇంక కెలక్కు."

"నేను చెప్పి నా బరువు దించుకున్నా రీటా. ఆయనకి తెలిసిందేముంది?"

"మళ్ళీ చెప్తే మళ్ళీ గుండె పగులుతుంది. ఆయనకి కొత్తగా, నీకు రెండోసారి."

ఆ రోజు డోరీన్ అతనికి మళ్ళీ చెప్పలేదు. గురువారమూ చెప్పలేదు. ముసలివాళ్ళు వేళకు పడుకోవాలి కాబట్టి, మాక్సీన్ ఆ సాయంత్రం తొమ్మిదికే గోడగడియారం ముల్లు పన్నెండుకు తిప్పింది. అందరూ చేతులు పట్టుకుని లెక్కపెట్టి, నవంబరులో కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టారు. విల్ఫ్ డోరీన్ నడుము చుట్టూ చెయ్యి వేసి, అడుగు తప్పకుండా తిప్పాడు. "వచ్చే ఏడు కూడా ఇక్కడికే వద్దాం," అన్నాడు చెవిలో. ఆమె అతని కోటు మీది కాగితం పువ్వును సరిచేసింది.

శుక్రవారం కీత్లీలో వాన. బస్టాండులో గిలియన్ గొడుగు పట్టుకుని ఎదురుచూస్తోంది. విల్ఫ్‌ను వెనక సీట్లో కూర్చోబెట్టి, తలుపు వేసి, తల్లిని పక్కకు తీసుకువెళ్ళింది.

"చెప్పావా అమ్మా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

'సరే అన్నాడు' అంటే చాలు. గిలియన్ ఈ రాత్రి నిద్రపోతుంది. డాక్టరు, సంక్షేమ శాఖ అమ్మాయి, అందరి బట్టా అతుకు తెలియకుండా నున్నగా ఉంటుంది.

"వెళ్ళనన్నాడు," అంది డోరీన్. "ఇంట్లో ఉండాలని ఉందన్నాడు. నా దగ్గర."

గిలియన్ గొడుగు పక్కకు వాలింది. "అమ్మా, మనం అన్నీ ఆలోచించే కదా..."

"నేను లేపలేనని నాకు తెలుసు. తీసుకెళ్ళొద్దని నేననడం లేదు. ఆయనేమన్నాడో నువ్వు అడిగావు, నేను చెప్పాను. ఆ రోజు కూర్చున్న వాళ్ళందరికీ కూడా చెప్పు. ఆయన్ని అడిగితే వద్దన్నాడని."

"సరే. నీకు టాక్సీ పిలిచాను. మొదటిరోజు నువ్వు రాకపోతేనే మంచిదని హోమ్ వాళ్ళు అన్నారు. వీడుకోలు కష్టమవుతుందట."

"ఎవరికి?" అంది డోరీన్.

కూతురి జవాబు కోసం ఆగకుండా వెళ్ళి కారు తలుపు తీసింది. విల్ఫ్ ఆమె కోసం లోపలికి జరిగాడు, ఎప్పుడూ జరిగినట్టే.

"ఎక్కడికి డోరీ? ఇంటికేనా?"

గిలియన్ ముందు సీట్లో కూర్చుని, తాళంచెవి మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

డోరీన్ అతని చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. "కాదు విల్ఫ్. చెప్తాను, విను." హోమ్ గురించి చెప్పింది. వంటగది నేల గురించి చెప్పింది. తను లేపలేనని చెప్పింది. అతను ఆమె పెదవుల వంకే చూస్తూ విన్నాడు. వాన కారు పైకప్పు మీద దంచుతోంది.

"వెళ్ళను డోరీ," అన్నాడు. "మనింటికి పోదాం."

ఆ మాట గిలియన్ వినడం అదే మొదటిసారి. ఆమె భుజాలు ఒక్కసారి కదిలాయి. వెనక్కి మాత్రం తిరగలేదు. విన్న తరువాత కూడా దారి మారే వీలు లేదు. చివరికి ఆమె తాళం తిప్పింది, కారు కదిలింది.

"అమ్మా," అంది గిలియన్ రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా, "ఇలా ఎన్నిసార్లు చెప్తావు?"

"ఆయన అడిగినన్నిసార్లు."

మూసేసిన మిల్లు గోడ పక్కగా కారు వెళ్ళింది. విల్ఫ్ వేళ్ళు ఆమె చేతి మీద ఏదో పాట తాలూకు మెట్లు నొక్కుతున్నాయి. మలుపు తిరిగాక అవి ఆగాయి. అతను కిటికీలోంచి వానను చూసి, ఆమె వైపు తిరిగి, కొత్తగా అడిగాడు.

"ఎక్కడికి డోరీ?"

డోరీన్ ఊపిరి తీసుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పసాగింది.